ఉన్న డిఫెండర్ చాలా, ఇంకో యాంటీవైరస్ కొనాలా?

కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన యాంటీవైరస్ ట్రయల్ గడువు దగ్గర పడగానే తెర మూలలో ఎర్రటి హెచ్చరికలు మొదలవుతాయి. చాలామందికి ఈ ప్రశ్న ఎదురయ్యేది అప్పుడే, అదీ కంగారులో. నిజానికి కంగారు అక్కర్లేదు. విండోస్ 11 మీద నడుస్తూ, అప్‌డేట్లు సరిగ్గా అందుకుంటున్న సొంత ల్యాప్‌టాప్‌కు సిస్టమ్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ సరిపోతుంది. కొన్ని ఇళ్లలో, కొన్ని రకాల వాడకంలో మాత్రం డబ్బు పెట్టి కొనడమే మంచిది. మీది ఏ కోవకు వస్తుందో తేల్చుకోవాలంటే బ్రాండ్ల పట్టికలు పక్కన పెట్టి రెండు సంగతులు చూడాలి: ల్యాప్‌టాప్ ఎవరెవరి చేతుల్లో తిరుగుతోంది, ప్రమాదం ఏ దారిన రాబోతోంది.

ఇప్పుడు కాపలా ఎవరిది?

కొనే ముందు ఇది తెలియాలి. స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరవండి. ఎడమవైపు కింద ఉన్న సెట్టింగ్స్ నొక్కి, మేనేజ్ ప్రొవైడర్స్‌లోకి వెళ్లండి. యాంటీవైరస్ అన్న శీర్షిక కింద ఏ పేరు ఆన్‌లో ఉందో అదే మీ ల్యాప్‌టాప్‌ను కాస్తోంది. వేరే కంపెనీ యాంటీవైరస్ ఇన్‌స్టాల్ అయిన వెంటనే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. రెండు ఇంజిన్లు ఒకేసారి ప్రతి ఫైల్‌ను పట్టుకుని పరీక్షిస్తే ఒకదానికొకటి అడ్డుపడి సిస్టమ్ నత్తనడక నడుస్తుంది కాబట్టి ఈ ఏర్పాటు.

చిక్కు వచ్చేది గడువు తీరిన ట్రయల్‌తోనే. అది ఇన్‌స్టాల్ అయి ఉంటుంది, ఐకాన్ కనిపిస్తూనే ఉంటుంది, కొత్త వైరస్ గుర్తుల జాబితా మాత్రం అందదు. అలాంటిది కనిపిస్తే రెండే దారులు: డబ్బు కట్టడం, లేదా పూర్తిగా తీసేయడం. అలా వదిలేయడం అన్నిటికంటే చెడ్డ దారి.

డిఫెండర్‌కు చెడ్డపేరు ఎందుకు వచ్చింది

ఆ పేరు ఊరికే రాలేదు. విండోస్ విస్టాలో ఉన్న డిఫెండర్ స్పైవేర్‌ను (చాటుగా మీ వివరాలు లాగే ప్రోగ్రాములను) మాత్రమే పట్టేది, అసలు వైరస్‌ల జోలికి పోయేది కాదు. 2009లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అనే విడి ప్రోగ్రామ్ వచ్చింది. 2012లో విండోస్ 8తో డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్ అయింది. తొలి రోజుల్లో స్వతంత్ర పరీక్షల్లో అడుగున ఉండేది. ఇప్పటికీ చాలామంది చెప్పే సలహా ఆ రోజుల నాటిదే.

ఇప్పుడు పరిస్థితి వేరు. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణకు, వేగానికి, వాడకంలో సౌకర్యానికి తలా 6 చొప్పున మొత్తం 18 పాయింట్లు ఇస్తుంది. డిఫెండర్ చాలాసార్లు 18కి 18 తెచ్చుకుంటోంది. డబ్బు కట్టి తీసుకునే పేరున్న ఉత్పత్తులూ దాదాపు అక్కడే ఉంటాయి. అంటే పట్టుకునే శక్తిలో పైవరుస ఉత్పత్తుల మధ్య తేడా ఇప్పుడు చాలా సన్నం. ఆ ఒక్క కారణంతో డబ్బు పెట్టనక్కర్లేదు.

ఒక బలహీనత మాత్రం నిజం. డిఫెండర్ తన తీర్పులో చాలా భాగాన్ని మైక్రోసాఫ్ట్ సర్వర్లను అడిగి ఇస్తుంది. నెట్ లేనప్పుడు దాని గుర్తింపు శాతం పడిపోవడం ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ పరీక్షల్లో పలుమార్లు కనిపించింది. రోజుల తరబడి నెట్ లేకుండా ఉండి, అందరి పెన్‌డ్రైవ్‌లూ గుచ్చించుకునే ల్యాప్‌టాప్ అయితే దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పైగా పెన్‌డ్రైవ్‌తో ఇంకో తంటా ఉంది. నెట్ నుంచి దిగిన ఫైల్‌కు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది; తెరవబోయినప్పుడు స్మార్ట్‌స్క్రీన్ అనే విండోస్ వడపోత హెచ్చరించేది ఆ గుర్తును చూసే. ఎక్కువ పెన్‌డ్రైవ్‌లు ఫైళ్లను దాచుకునే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో ఆ గుర్తు నిలవదు. అందుకే పెన్‌డ్రైవ్ మీదుగా వచ్చిన ఫైల్ ఆ హెచ్చరిక లేకుండానే తెరుచుకుంటుంది.

ఏ ప్రమాదాన్ని ఏది ఆపుతుంది

ఎంపిక అంతా ఇక్కడే తేలుతుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

తెలిసిన మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఫైల్ డౌన్‌లోడ్ అయితే డిఫెండర్ ఆపుతుంది, కొన్నదీ ఆపుతుంది. ఇక్కడ తేడా లేదు.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ సంగతి వేరే. దాంతో వచ్చే సూచనల్లో మొదటి మాటే ‘యాంటీవైరస్ ఆపేయండి’ లేదా ‘ఈ ఫోల్డర్‌ను మినహాయింపుల్లో చేర్చండి’ అని ఉంటుంది. వాడేవారే తలుపు తీసి పట్టుకుంటే ఏ యాంటీవైరస్ ఏం చేస్తుంది? ఇలా వచ్చేవాటిలో సమాచార దొంగ మాల్వేర్ ఎక్కువ. అది ఫైళ్లను పాడు చేయదు, తెరమీద ఏమీ చూపదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనూ, లాగిన్ అయి ఉన్నట్టు సైట్లకు చెప్పే కుకీలనూ నిమిషాల్లో బయటికి పంపేస్తుంది. కుకీ చేతికి చిక్కితే పాస్‌వర్డూ ఓటీపీ లేకుండానే మీ ఖాతాలోకి రావచ్చు. అందుకే అనుమానం వస్తే స్కాన్ ఒక్కటే చాలదు. మరో శుభ్రమైన ఫోన్ నుంచో ల్యాప్‌టాప్ నుంచో ముఖ్యమైన ఖాతాలన్నిటిలో ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ చేసి, ఆ తర్వాత పాస్‌వర్డ్‌లు మార్చాలి.

మరో ఎత్తు: ‘మీరు మనిషే అని నిరూపించుకోండి’ అంటూ ఒక పేజీ వస్తుంది. విండోస్ కీతో ఆర్ నొక్కమంటుంది, తర్వాత కంట్రోల్‌తో వి, ఆపై ఎంటర్. పేజీ అప్పటికే ఒక ఆదేశాన్ని మీ క్లిప్‌బోర్డ్‌లో పెట్టేసి ఉంటుంది; మీ వేళ్లతోనే దాన్ని నడిపిస్తుంది. దీన్ని కొన్నిసార్లు యాంటీవైరస్ పట్టుకుంటుంది, కొన్నిసార్లు పట్టుకోదు. ఏ అసలైన సైటూ కీబోర్డ్ మీద ఆ మూడు పనులు చేయమని అడగదు. ఇంట్లో అందరికీ ఈ ఒక్క ముక్క చెప్పి ఉంచితే ఏడాది చందా కంటే ఎక్కువ పని చేస్తుంది.

నకిలీ బ్యాంకు పేజీ, నకిలీ లాగిన్ పేజీ దగ్గర మాత్రం కొన్న యాంటీవైరస్‌కు కొంత మొగ్గు ఉంది. విండోస్‌లోని స్మార్ట్‌స్క్రీన్ సైట్లను అడ్డుకునేది ప్రధానంగా ఎడ్జ్ బ్రౌజర్‌లోనే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ జాబితా మీద ఆధారపడతాయి. మంచి పెయిడ్ సూట్ (యాంటీవైరస్‌తో పాటు ఇతర రక్షణలూ కలిపి అమ్మే ప్యాకేజీ) ఏ బ్రౌజర్ అయినా, ఏ యాప్ నుంచి వచ్చిన లింక్ అయినా ఒకే జాబితాతో వడకడుతుంది. క్రోమ్ వాడేవారు ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో సేఫ్ బ్రౌజింగ్‌ను ఎన్‌హాన్స్‌డ్‌కు మారిస్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. దానికి బదులుగా మీరు చూసే సైట్ల వివరాలు గూగుల్‌కు మరికొన్ని వెళ్తాయని తెలిసే మార్చండి.

‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు’ అని తెర మూల నుంచి పదేపదే లేచే పెట్టెలు చాలావరకు వైరస్ పని కాదు. ఎప్పుడో ఏదో సైట్‌కు నోటిఫికేషన్ అనుమతి ఇచ్చి ఉంటారు. బ్రౌజర్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని పేర్లన్నీ తీసేస్తే ఆగిపోతాయి. ఇది చూసి భయపడి యాంటీవైరస్ కొన్నవారు ఎందరో.

ఇక సిస్టమ్‌లోని లోపాల గుండా దూరేవి. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్వేర్) ప్రపంచమంతా పాకినప్పుడు, అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని పూడ్చే అప్‌డేట్) ఇచ్చేసింది. ప్యాచ్ వేసుకున్నవారిని ఆ దారిన అది తాకలేకపోయింది. వాయిదా వేస్తూ వచ్చిన అప్‌డేట్‌కు ఏ యాంటీవైరసూ ప్రత్యామ్నాయం కాదు.

మీ ముందున్న దారులు

మొదటిది, డిఫెండర్‌ను సరిగ్గా అమర్చి అదొక్కటే ఉంచుకోవడం. ల్యాప్‌టాప్ మీరొక్కరే వాడుతూ, సాఫ్ట్‌వేర్ అసలు సైట్ల నుంచే తీసుకుంటూ, అప్‌డేట్లు ఆపకుండా ఉంటే ఇది చాలు. అమరిక మాత్రం చేయాలి, ఎలాగో కింద చెప్తాం.

రెండోది, డిఫెండర్‌ను అలాగే ఉంచి, అనుమానం వచ్చినప్పుడు మాత్రం రెండో అభిప్రాయం కోసం వేరే స్కానర్ నడపడం. మా లెక్కలో ఎక్కువమందికి ఇదే సరైనది. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ డౌన్‌లోడ్ చేసుకుని నడపవచ్చు; అది దిగిన 10 రోజులకు చెల్లకుండా పోతుంది కాబట్టి ప్రతిసారీ కొత్తది దింపాలి. వేరే కంపెనీ కన్ను కావాలంటే ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్, మాల్వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్ ఉన్నాయి. మాల్వేర్‌బైట్స్‌తో ప్రీమియం ట్రయల్ ఇస్తామంటే వద్దనండి. ట్రయల్ నడిచినన్నాళ్లూ అది కూడా నిరంతర కాపలాదారుగా మారుతుంది. మనకు కావలసింది అడిగినప్పుడు మాత్రమే చూసే స్కానర్.

మూడోది, వేరే కంపెనీ ఉచిత యాంటీవైరస్. దీన్ని మేం సిఫారసు చేయం. పట్టుకోవడంలో డిఫెండర్ కంటే పెద్దగా ఎక్కువ ఇవ్వకపోగా పెయిడ్ వెర్షన్ కొనమని రోజూ సతాయిస్తుంది. కొన్నిటిలో అంతకంటే పెద్ద సమస్యే బయటపడింది. వాడుకరుల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందన్న అభియోగంపై అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో ప్రకటించింది. జంప్‌షాట్‌ను ఆ కంపెనీ 2020లోనే మూసేసింది. అయినా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది: యాంటీవైరస్ మీ ప్రతి ఫైల్‌నూ, చాలాసార్లు మీరు చూసే ప్రతి పేజీనీ చూస్తుంది. అంత చనువు ఇచ్చేటప్పుడు ఆ కంపెనీ ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో అడగాలి.

నాలుగోది, పెయిడ్ సూట్. దాని డబ్బా మీద రాసినవన్నీ విడదీసి చూడండి. వీపీఎన్ (మీ నెట్ రాకపోకలను దాచే సేవ) మాల్వేర్‌ను ఆపదు. పాస్‌వర్డ్ మేనేజర్ మంచిదే, కానీ బిట్‌వార్డెన్ లాంటిది ఉచితంగా దొరుకుతుంది. పైగా చందా ఆపేసిన రోజు పాస్‌వర్డ్‌లు వేరే చోటికి మార్చుకునే తిప్పలు ఉండవు. క్లీనర్, స్పీడప్, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల చిట్టా) శుభ్రం లాంటివి అవసరం లేదు. రిజిస్ట్రీ క్లీనర్ తప్పు పని చేస్తే ఇతర ప్రోగ్రాములు చెడతాయి. ఇవన్నీ తీసేశాక మిగిలేవి మూడు: అన్ని బ్రౌజర్లలో పనిచేసే వెబ్ వడపోత, పిల్లల నియంత్రణ, చాలా పరికరాలను ఒకచోటి నుంచి చూసుకునే వీలు. ఈ మూడింటిలో మీకు కావలసింది ఉంటే కొనండి. లేకపోతే వద్దు.

ఎవరు కొనాలి

ఒకే ల్యాప్‌టాప్ ఇంట్లో నలుగురు వాడుతూ, అందులో కనిపించిన బటన్ అల్లా నొక్కేవారు ఉంటే కొనడంలో అర్థం ఉంది. దూరంగా ఉన్న అమ్మానాన్నల ల్యాప్‌టాప్ బాధ్యత మీదైతే, అక్కడ ఏం జరుగుతోందో మీ ఫోన్‌లో చూపించే సూట్ ఖర్చుకు తగినదే. పిల్లలకు ఎడ్జ్ కాకుండా వేరే బ్రౌజర్ కావాలంటే, మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ వెబ్ వడపోత ఎడ్జ్‌లోనే పనిచేస్తుంది కాబట్టి, అప్పుడూ సూట్ ఉపయోగమే. పైన చెప్పిన నెట్ తక్కువ, పెన్‌డ్రైవ్‌లు ఎక్కువ అయిన ల్యాప్‌టాప్ కూడా ఈ జాబితాలోదే. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే మీరు ఏదీ వేయకండి, ఏదీ తీయకండి. ఆ నిర్ణయం ఆఫీసు ఐటీ విభాగానిది.

కొనేటప్పుడు ఒక్క నెల ఫలితం చూసి మోసపోకుండా ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారటివ్స్, లండన్‌లోని ఎస్‌ఈ ల్యాబ్స్ ఇచ్చిన చివరి రెండు మూడు విడతలు చూడండి. పట్టుకున్న శాతం దాదాపు అన్నిటికీ ఒకేలా ఉంటుంది. తేడా తెలిసేది తప్పుడు హెచ్చరికల సంఖ్యలో, సిస్టమ్ మీద పడే భారంలో. మంచి ఫైల్‌ను పదేపదే వైరస్ అనే యాంటీవైరస్ క్రమంగా మనిషికి హెచ్చరికలు పట్టించుకోకపోవడం నేర్పుతుంది. తొలి ఏడాది ధర తక్కువ, రెండో ఏడాది ధర చాలా ఎక్కువ అన్నది ఈ వ్యాపారంలో మామూలే కాబట్టి, కొన్న రోజే ఖాతాలోకి వెళ్లి ఆటో రెన్యువల్ ఆపేయండి.

కొనడంలో నష్టం కూడా ఉంది. నిరంతర కాపలా యాంటీవైరస్ సిస్టమ్ లోతుల్లో, కెర్నెల్‌లో పనిచేస్తుంది. అక్కడ పొరపాటు జరిగితే కంప్యూటరే లేవదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. అది సంస్థలకు అమ్మే ఉత్పత్తే అయినా సూత్రం ఒకటే: ఒక కాపలాదారును అదనంగా లోపలికి తెస్తే, పాడయ్యే అవకాశమున్న భాగం కూడా ఒకటి పెరుగుతుంది.

పాత విండోస్ ఉన్నవారికి

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వ్యక్తిగత వాడుకరులకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబర్ వరకు ప్రకటించారు. డిఫెండర్ వైరస్ గుర్తులు 2028 అక్టోబర్ దాకా అందుతాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఈ చివరిది చూసి ఊరట చెందకండి. వైరస్ గుర్తులు అందినా సిస్టమ్ లోపాలు పూడవు. ఆ లోపాలను వేరే యాంటీవైరస్ కూడా పూడ్చలేదు. ఇలాంటి ల్యాప్‌టాప్‌కు ఆ డబ్బును విండోస్ 11కు మారడానికో, హార్డ్‌వేర్ ఒప్పుకోకపోతే లైనక్స్ వేసుకోవడానికో పెట్టండి. విండోస్ 7 అయితే బ్యాంకు పనులకు అసలే వాడకండి.

డిఫెండర్ అమరిక

విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరిచి, మేనేజ్ సెట్టింగ్స్ నొక్కండి. రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, ఆటోమేటిక్ శాంపిల్ సబ్మిషన్, టాంపర్ ప్రొటెక్షన్ నాలుగూ ఆన్‌లో ఉండాలి. చివరిది మరీ ముఖ్యం. డిఫెండర్‌ను మాల్వేరే ఆపేయకుండా అడ్డుకునేది అదే. అదే పేజీ కిందికి వెళ్లి ఎక్స్‌క్లూజన్స్ చూడండి. మీరు చేర్చనిది ఏదైనా, ముఖ్యంగా మొత్తం సి డ్రైవ్ గానీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ గానీ అక్కడ ఉంటే తీసేసి, వెంటనే ఫుల్ స్కాన్ పెట్టండి.

యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ తెరిచి, అవాంఛిత యాప్‌లను ఆపే అంశం పూర్తిగా ఆన్ చేయండి. ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట తోకలా వచ్చే టూల్‌బార్లు, ప్రకటనల ప్రోగ్రాములు ఇక్కడ ఆగుతాయి.

రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లోని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలోకి నమ్మకం లేని ప్రోగ్రామ్ ఏదీ రాయలేదు. ఇబ్బంది ఏమిటంటే అది మంచి ప్రోగ్రాములను కూడా ఆపుతుంది: గేమ్ సేవ్ కాదు, ఫొటో ఎడిటర్ ‘ఫైల్ దొరకలేదు’ అంటుంది. కారణం తెలియక జనం ప్రోగ్రామ్‌నే తిడతారు. అప్పుడు అదే పేజీలో ‘అలౌ యాన్ యాప్’ తెరిచి, ఈ మధ్య ఆపినవాటి జాబితా నుంచి దాన్ని అనుమతించండి. ఈ రక్షణ డిఫెండర్ కాపలా ఉన్నప్పుడే పనిచేస్తుంది. వేరే యాంటీవైరస్ వేస్తే ఇది పోతుంది, దానిలో ఇలాంటిది ఉందో లేదో చూసుకోవాలి. ఎలాగైనా ముఖ్యమైన ఫైళ్ల నకలు ఒకటి బయటి డ్రైవ్‌లో ఉండాలి, కాపీ అయ్యాక కేబుల్ తీసేయాలి. తగిలించి ఉంచిన డ్రైవ్‌ను రాన్సమ్‌వేర్ వదలదు.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయండి. లేకపోతే ‘బిల్లు.పీడీఎఫ్.ఎగ్జీ’ అనే ప్రోగ్రామ్ మీకు ‘బిల్లు.పీడీఎఫ్’గా కనిపిస్తుంది. రోజువారీ వాడకానికి అడ్మిన్ హక్కులు లేని స్టాండర్డ్ ఖాతా ఉంటే ఇంకా మంచిది.

ఏదో తేడాగా ఉంది కానీ మామూలు స్కాన్‌లో ఏమీ దొరకలేదంటే, స్కాన్ ఆప్షన్స్‌లోని ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. తెరిచిన పనులన్నీ సేవ్ చేసుకోండి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే దాదాపు 15 నిమిషాలు స్కాన్ చేస్తుంది. విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కునేవి అప్పుడు దాక్కోలేవు. ఫలితం ప్రొటెక్షన్ హిస్టరీలో ఉంటుంది.

మ్యాక్, లైనక్స్, క్రోమ్‌బుక్

మ్యాక్‌లో 2009 నుంచి ఎక్స్‌ప్రొటెక్ట్ అనే గుర్తింపు వ్యవస్థ, 2012 నుంచి తెలియని యాప్‌లను అడ్డుకునే గేట్‌కీపర్ ఉన్నాయి. విడిగా కొనే అవసరం చాలామందికి లేదు. మ్యాక్‌కు వైరస్ రాదన్న మాట మాత్రం నమ్మకండి; 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ దాదాపు 6 లక్షల మ్యాక్‌లలో చేరింది, ఇప్పుడు పాస్‌వర్డ్ దొంగ మాల్వేర్లు తిరుగుతున్నాయి. ఏ ఇన్‌స్టాలర్ అయినా టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి ఏదైనా పేస్ట్ చేయమంటే అక్కడే ఆపేయండి. లైనక్స్‌లో సొంత వాడకానికి అవసరం రాదు; విండోస్ వారికి పంపే ఫైళ్లు చూడాలంటే క్లామ్‌ఏవీ అనే ఉచిత యాంటీవైరస్ ఉంది. క్రోమ్‌బుక్‌కు యాంటీవైరస్ అక్కర్లేదు, అక్కడ ఎక్స్‌టెన్షన్ల జాబితా మీద కన్నేస్తే చాలు.

తీసేయాలని నిర్ణయించుకుంటే

ముందు ఆ కంపెనీ సైట్‌లో ఆటో రెన్యువల్ ఆపండి. ప్రోగ్రామ్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. మేనేజ్ ప్రొవైడర్స్‌లో దాని పేరు ఇంకా కనిపిస్తే, లేదా నెట్ తెగిపోతే, దాని డ్రైవర్ ముక్కలు మిగిలాయన్నమాట. పెద్ద కంపెనీలన్నీ ఇందుకోసం ప్రత్యేక తొలగింపు టూల్ ఇస్తాయి. దాన్ని కంపెనీ సైట్ నుంచే దింపి నడిపి మరోసారి రీస్టార్ట్ చేయండి. బ్రౌజర్‌లో అది పెట్టిన ఎక్స్‌టెన్షన్‌ను విడిగా తీయాలి.

డిఫెండర్ దానంతట అదే ఆన్ అవుతుంది. ప్రొటెక్షన్ అప్‌డేట్స్‌లో చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కి, చివరి అప్‌డేట్ తేదీ ఇవాళ్టిదేనా చూడండి. నిజంగా మేల్కొని ఉందో లేదో తేల్చుకోవాలంటే ఐకార్ సంస్థ సైట్ నుంచి పరీక్ష ఫైల్ దింపండి. అది 68 అక్షరాల మామూలు టెక్స్ట్, ఏ హానీ చేయదు. యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌లా పట్టుకోవాలని ఒప్పందం. బ్రౌజర్‌లోనే ఆగిపోయినా, దిగిన క్షణంలో డిఫెండర్ హెచ్చరిక లేచినా రక్షణ పనిచేస్తున్నట్టే. నిశ్శబ్దంగా దిగి డౌన్‌లోడ్స్‌లో కూర్చుంటే రియల్ టైమ్ ప్రొటెక్షన్ దగ్గరికి మళ్లీ వెళ్లండి.